చప్పట్లు ఆగాక

1921లో చీరాల, పేరాల ఊళ్లు ఖాళీ అయ్యాయి. వరద రాలేదు, కలరా సోకలేదు. మద్రాసు ప్రభుత్వం ఆ రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేసింది, పన్నులు ఎన్నో రెట్లు పెంచింది. వద్దు మొర్రో అని జనం మొత్తుకున్నా వినిపించుకోలేదు. ఆ ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు ఆయన ముందు రెండు దారులు చర్చకొచ్చాయి. పన్ను కట్టకుండా శిక్షకు సిద్ధపడటం ఒకటి, శాంతంగా మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం రెండోది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని రెండో దారిన నడిపించారు. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన ఆయన వేదికెక్కితే పద్యం, పాట, హాస్యం, ఎత్తిపొడుపు అన్నీ ఒకే గుక్కలో వచ్చేవి. సుమారు 15 వేల జనాభాలో అత్యధికులు తట్టా బుట్టా సర్దుకుని ఊరవతల పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని, ఎండకు ఎండి వానకు తడిసి దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు.

ఒక మనిషి నోటి మాటకు ఇంత బలం ఎక్కడిది? గొంతులో ఉందా, చెప్పిన సంగతిలో ఉందా, చెప్పిన మనిషి మీద నమ్మకంలో ఉందా? ఏథెన్సులో అరిస్టాటిల్ కాలం నుంచి హైటెక్ సిటీ శిక్షణ తరగతుల దాకా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. ఇవాళ దాని చుట్టూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, స్పీకింగ్ కోర్సులు, 'పది సూత్రాల' వీడియోలకు లెక్కే లేదు. వాటిలో నిలిచేదెంత, తాలు ఎంత అన్నది జల్లెడ పట్టి చూడాల్సిన విషయం.

కాళ్లు వణికే చోటు

ముందు భయం సంగతి. మనవాళ్లు దీన్ని సభాకంపం అన్నారు. నాలుక పిడచగట్టడం, గొంతు పెగలకపోవడం, చేతిలో కాగితం గలగలలాడటం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. 'జనానికి చావు కంటే ఉపన్యాసమంటేనే ఎక్కువ భయం' అనే మాట శిక్షకుల నోట తరచూ వినిపిస్తుంది. దీని మూలం 1973లో అమెరికాలో జరిగిన ఒక సర్వే. ఏవేవి భయపెడతాయో చెప్పమంటే 41 శాతం మంది పదిమంది ముందు మాట్లాడటాన్ని పేర్కొన్నారు, 19 శాతం మంది మరణాన్ని పేర్కొన్నారు. అంటే ఆ భయం ఎక్కువమందిలో ఉందని మాత్రమే తేలింది. రెంటిలో ఏది పెద్ద భయమో ఆ సర్వే తేల్చలేదు. 2012లో అక్కడి కాలేజీ విద్యార్థులను అడిగితే ఉపన్యాస భయం ఎక్కువమందిలోనే కనిపించింది కానీ, అన్నిటికంటే పెద్ద భయం ఏదంటే చావుకే మొదటి స్థానం దక్కింది.

భయం మహామహులనూ వదల్లేదు. 1904 ఏప్రిల్‌లో బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతున్న యువ చర్చిల్‌కు మధ్యలో ఒక్కసారిగా మాట తెగింది. కంఠతా పట్టిన ప్రసంగం మరుపున పడింది. ఎంత తడుముకున్నా దారం దొరక్క కూలబడి తల చేతుల్లో పెట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన చేతిలో నోట్సు లేకుండా పెద్ద ప్రసంగానికి లేచింది లేదు. లోకమంతా పుట్టువక్త అనుకున్న మనిషి ఇంట్లో గంటలకొద్దీ సాధన చేసేవారు.

దీనికి ఏం చేయాలి? 'కంగారు పడకు' అన్న సలహా పెద్దగా పనిచేయదు. 2014లో హార్వర్డ్ పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడబోయే ముందు తమను తాము శాంతపరచుకోవాలని చూసినవారి కంటే 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనుకున్నవారు మెరుగ్గా మాట్లాడారు. గుండెదడ ఎలాగూ తగ్గదు కాబట్టి దానికి పేరు మార్చడమే ఇందులోని కిటుకు.

ఇక రెండో మందు అలవాటు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు వందేళ్లుగా చేస్తున్నది ఇదే. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లోనూ ఈ క్లబ్బులున్నాయి. అక్కడ మామూలు ప్రసంగానికి ఇచ్చేది అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదో నిమిషంలో ఆకుపచ్చ కార్డు, ఆరో నిమిషంలో పసుపు, ఏడో నిమిషంలో ఎరుపు లేస్తాయి. 'అంటే', 'సో', 'ఆఁ' అని ఎన్నిసార్లు నసిగారో లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటారు. చివర ఒకరు లేచి బాగున్నది, బాగులేనిది మొహం మీదే చెబుతారు. మన సభల్లో మైకాసురులు తామరతంపరగా పెరగడానికి కారణం తెలియాలంటే ఆ ఎర్రకార్డును ఒక్కసారి తలచుకుంటే చాలు.

పిట్టకథ, వంత

మాట్లాడే ధైర్యం వచ్చాక మాటను కట్టే పద్ధతి కావాలి. ఈ విద్యను తెలుగువాళ్లు కార్పొరేట్ శిక్షణల్లో కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాళ్లకు గజ్జెలు కట్టి, చేత చిడతలు పట్టి ఒంటిచేత్తో సభను నడిపించారు. హరికథకుడు అసలు కథ సాగదీస్తున్నట్టు అనిపించిన చోట ఒక పిట్టకథ వేస్తాడు. జనం నవ్వుతారు, మళ్లీ నిటారుగా కూర్చుంటారు, కథ ముందుకు సాగుతుంది. ఇప్పటి శిక్షకులు 'స్టోరీ టెల్లింగ్' అని ఫీజు పుచ్చుకుని నేర్పేది ఈ పిట్టకథనే.

బుర్రకథ ఇంకో మెట్టు ఎక్కింది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పలికిస్తారు, ఇంకొకరు నడుస్తున్న రాజకీయాన్ని దెప్పుతారు. 'అదెట్లా?' అని జనం మనసులో అనుకునే ప్రశ్నను వంత పైకి అడుగుతాడు. కథకుడు జవాబు చెప్పి తీరాలి. షేక్ నాజర్ ప్రజానాట్యమండలితో కలిసి ఊరూరా తిరిగి పేదవాడి గోడును ఈ చట్రంలోనే వినిపించారు. వినేవాడి సందేహానికి ప్రసంగంలోనే ఒక కుర్చీ వేయడం ఈ కళ సాధించిన గొప్పతనం. ఒంటరిగా మైకు ముందు నిలబడే వక్తకు వంత ఉండడు. ఆ ప్రశ్నలు తనే వేసుకుని తనే జవాబులిచ్చుకోవాలి.

పశ్చిమ దేశాల్లో ఈ పనిముట్లను లెక్కగట్టి చూసినవారున్నారు. బ్రిటన్‌కు చెందిన మాక్స్ అట్కిన్సన్ రాజకీయ సభల రికార్డింగులు పరిశీలించి, చప్పట్లు ఎక్కడ పడతాయో 1984లో ఒక పుస్తకంలో చూపించారు. ఒకే వరుసలో మూడు మాటలు వేసినచోట, రెండు వ్యతిరేక సంగతులు పక్కపక్కన పెట్టినచోట చేతులు వాటంతటవే కలిశాయి. మూడో మాట పడగానే వాక్యం అయిపోతుందని జనానికి ముందే తెలిసిపోతుంది కాబట్టి చప్పట్లకు సిద్ధంగా ఉంటారు.

అయితే పనిముట్లు ఎన్ని ఉన్నా సభను చూసి మలుపు తిప్పగలిగినవారిదే పైచేయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు సుమారు రెండున్నర లక్షల మంది ఎదుట మార్టిన్ లూథర్ కింగ్ రాసుకొచ్చిన ప్రసంగం చదువుతున్నారు. అందులో 'కల' ప్రస్తావనే లేదు. అంతకు ముందు డెట్రాయిట్‌లోనూ మరికొన్ని చోట్లా ఆయన ఆ కల గురించి చెప్పి ఉన్నారు. వెనక నిలబడ్డ గాయని మహాలియా జాక్సన్ ఆ కల సంగతి చెప్పమని కేకేశారు. కింగ్ కాగితం పక్కకు జరిపారు. ఆ తర్వాత వచ్చిన భాగమే లోకానికి గుర్తుండిపోయింది. అది అప్పటికప్పుడు పుట్టినది కాదు. ఎన్నో సభల్లో నలిగి సానపెట్టుకున్న మాట సరైన క్షణంలో చేతికందింది.

ఎవరి భాషలో?

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఇంగ్లిషులో నిప్పులు చెరిగే వక్త. గోదావరి ఒడ్డున అది అర్థమయ్యేవారు ఎందరు? చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ ప్రసంగాలను తెలుగు చేసి వినిపించారు. చివర్లో పరాయి పాలనను పాడి ఆవు, లేగదూడలు, పాలు పితికేవాళ్ల పోలికలో పెట్టి ఆశువుగా ఒక పద్యం చెప్పారు. ఆవు లేని ఇల్లు అరుదైన ఆ రోజుల్లో దానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. పాల్ వెళ్లిపోయాక కూడా పద్యం ఊళ్లు తిరిగింది. ఆ వేడిలోనే రాజమండ్రి కాలేజీ విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతికి వెళ్లారు. వారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకుని స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు.

గిడుగు రామమూర్తిది మరో దారి. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో వ్యావహారిక భాష తరఫున ఆయన నాలుగు గంటలు ఏకబిగిన మాట్లాడారు. ఈరోజు టెడ్ వేదికలు ఒక వక్తకు ఇచ్చేది 18 నిమిషాలు. 1863లో గెటిస్‌బర్గ్‌లో ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడాక లింకన్ మాట్లాడింది రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలే నిలిచాయి. అలాగని పొట్టి ప్రసంగమే మేలని తీర్మానించలేం. యుద్ధంలో పోయినవారి సమాధుల ముందు రెండు నిమిషాలు సరిపోయాయి. కాదని వాదించే పండితుల ముందు సాక్ష్యాలు పరచడానికి నాలుగు గంటలు కావలసి వచ్చింది. ఊకదంపుడు అనేది గడియారం చూసి తేల్చేది కాదు.

1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని రోడ్డెక్కారు. కుమారుడు హరికృష్ణ బండి నడిపారు. సినిమా సంభాషణల గొంతు ఆయనకు ముందే ఉంది. కొత్తగా చేసిందల్లా సభకు జనాన్ని తోలుకురాకుండా, సభనే జనం దగ్గరికి తోలుకెళ్లడం. రోడ్డు పక్కన ఆగిన వ్యాను పైకప్పే వేదిక. మార్చి 29న పార్టీ పెట్టిన మనిషి తొమ్మిది నెలలు దాటగానే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఆత్మగౌరవం అన్న ఒక్క మాట చుట్టూ ఆ ప్రచారమంతా తిరిగింది. తరువాతి కాలంలో తెలంగాణ ఉద్యమం ధూంధాం వేదికల మీద పాటను, ప్రసంగాన్ని కలిపేసింది. పాఠ్యపుస్తకాల తెలుగును పక్కకు పెట్టి ఇంట్లో మాట్లాడే యాసనే మైకులోకి తెచ్చింది. అప్పటిదాకా సినిమాల్లో నవ్వుకోవడానికి వాడిన యాస వేదిక మీద తలెత్తుకుని నిలబడటమే జనానికి సగం సందేశం అయింది.

తెర మీద అక్షరాలు

ఆఫీసుల్లో ఉపన్యాసం రూపం మారింది. 1987లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ మాకింటోష్ కోసం పవర్‌పాయింట్ తెచ్చింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని కోటీ 40 లక్షల డాలర్లకు కొనేసింది. పదేళ్లకు, 1997లో ఢిల్లీలో అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బిల్ గేట్స్‌ను కలిసి ల్యాప్‌టాప్ తెరిచి రాష్ట్రం గురించి ప్రెజెంటేషన్ ఇచ్చారు. కొద్ది నిమిషాలు అనుకున్నది చాలాసేపు సాగిందని ఆయన ఇప్పటికీ చెబుతుంటారు. ఫైళ్లు, శాలువాలు మోసుకెళ్లే రాజకీయ నాయకుల కాలంలో అది కొత్త. 1998లో మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం పెట్టింది. అందుకు ఇంజినీర్ల లభ్యత వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా తలుపు తెరిపించడంలో ఆ ల్యాప్‌టాప్ పాత్రను కాదనలేం.

ఇక నాణేనికి రెండోవైపు. 2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక లేచిన 82 సెకన్లకు బయటి ట్యాంకు నుంచి నురగు ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. దెబ్బ ఎంత తీవ్రమో అంచనా వేసిన ఇంజినీర్లు నాసాకు స్లైడ్లలో వివరించారు. ఒక స్లైడు శీర్షిక చదివితే భయం లేదన్నట్టే అనిపిస్తుంది. దాని కింద బుల్లెట్లు, వాటి కింద చిన్న బుల్లెట్లు. అన్నిటికంటే అడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, రెక్కకు తగిలిన దాని అంచనా 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షల మీద ఆధారపడి ధైర్యం చెప్పడానికి వీల్లేదని ఆ ఒక్క వరుస అరిచి చెబుతోంది. అయినా గదిలో ఎవరికీ వినపడలేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ నౌక ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. సమాచారాన్ని చూపే తీరుపై పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడును వరుస వరుసా విడదీసి చూపించారు. దర్యాప్తు మండలి కూడా సాంకేతిక నివేదికల స్థానంలో స్లైడ్లు వాడే నాసా అలవాటును తప్పుపట్టింది. మరుసటి ఏడాది అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పై స్థాయి సమావేశాల్లో స్లైడ్లు మానిపించారు. వాటి బదులు ఆరు పేజీల దాకా ఉండే నోటును అందరూ మౌనంగా చదివాకే చర్చ.

స్లైడు మీదున్న వాక్యాలనే వక్త పైకి చదవడం మన కాన్ఫరెన్సు హాళ్లలో రోజూ కనిపించే దృశ్యం. లైట్లు ఆర్పేస్తారు, వక్త తెరవైపు తిరుగుతాడు, వినేవాళ్లు ఫోనువైపు తిరుగుతారు. ఒకే మాటను కన్నుకూ చెవికీ ఒకేసారి అందిస్తే అర్థం చేసుకోవడం తగ్గుతుందని జాన్ స్వెల్లర్, రిచర్డ్ మేయర్ల పరిశోధనలు ఎప్పుడో చెప్పాయి. 2008లో స్టీవ్ జాబ్స్ మాక్‌బుక్ ఎయిర్ ఎంత పలచనో అంకెల్లో చెప్పి ఊరుకోలేదు. ఆఫీసులో కాగితాలు పంపే మామూలు కవరు తెచ్చి, దారం విప్పి, అందులోంచి కంప్యూటర్ బయటికి తీశారు. సంతలో చీర పోగు లాగి చూపించే అంగడివాడికి తెలిసిన విద్యే ఇది.

కొలిచి చూస్తే

'మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతూ హావభావాలే' అనే లెక్క శిక్షణ తరగతుల్లో వేదవాక్యంలా చలామణి అవుతోంది. దీని మూలమైన, 1967లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాల్లో వాడింది విడి విడి పదాలు, వాటిని పలికిన తీరు, ముఖాల ఫొటోలు. మాటా ముఖమూ పొసగనప్పుడు చెప్పేవాడి ఇష్టాయిష్టాలను ఎలా ఊహిస్తామన్నదే అక్కడి ప్రశ్న. అన్ని ప్రసంగాలకూ ఇది వర్తించదని ఆయనే వివరణ ఇచ్చుకున్నారు. ఆ లెక్క నిజమైతే తెలియని భాషలో ఉపన్యాసం విన్నా 93 శాతం అర్థం కావాలి. చిలకమర్తి శ్రమ వృథా అని ఒప్పుకోవాలి.

గట్టి ఆధారమున్న పరిశోధనలూ లేకపోలేదు. లొసాన్ విశ్వవిద్యాలయంలోని జాన్ ఆంటొనాకిస్ బృందం ఒక విరాళాల సేకరణ పని మీద తాత్కాలికంగా పెట్టుకున్న కూలీలకు రెండు రకాల ప్రసంగాలు వినిపించింది. కొందరికి మామూలు మాటలు, కొందరికి పోలికలు, పిట్టకథలు, ప్రశ్నలు, మూడు మాటల వరుసలు కలిపిన ప్రసంగం. రెండో ప్రసంగం విన్నవారు సుమారు 17 శాతం ఎక్కువ పని చేశారు. చేసిన పనికి అదనంగా డబ్బు ముట్టజెప్పినప్పుడు కనిపించే ఫలితానికి ఇది దాదాపు సమానం. ఆకర్షణను పుట్టుకతో వచ్చే వరమనుకునేవారికి ఇది చెంపపెట్టు. నేర్పితే వచ్చే విద్య అని అదే బృందం అంతకుముందు మేనేజర్లకు శిక్షణ ఇచ్చి కూడా చూపించింది.

నేర్పితే వచ్చే విద్య కాబట్టే ఎవరైనా నేర్చుకోగలరు. హిట్లర్ అద్దం ముందు, ఫొటోగ్రాఫర్ హైన్‌రిక్ హాఫ్‌మన్ కెమెరా ముందు చేతి విసుర్లు సాధన చేశాడు. ఆ ఫొటోలు చూసుకుని భంగిమలు దిద్దుకున్నాడు. పోలిక, పిట్టకథ, మూడు మాటల వరుస అన్నీ అతని చేతికీ వచ్చాయి. పనిముట్లకు నీతి ఉండదు కాబట్టి, వక్తను ఎలా మాట్లాడాడన్న దానితోపాటు ఏం చేయమన్నాడు, దాని బరువు ఎవరి నెత్తిన పడింది అని కూడా అడగాల్సిందే.

మాట జారడం కూడా నాయకత్వంలో భాగమే. 2014 అక్టోబరులో, మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టి ఏడాదైనా కాని సత్య నాదెళ్ల అమెరికాలోని ఫీనిక్స్‌లో మహిళా ఇంజినీర్ల సదస్సులో మాట్లాడారు. జీతం పెంచమని ఆడవాళ్లు అడగక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకముంచితే చాలన్న అర్థంలో జవాబిచ్చారు. సభలోనే పెదవి విరిచారు, బయట దుమారం రేగింది. అదే రోజు ఆయన ఉద్యోగులకు లేఖ రాసి తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. సాకులు వెతకలేదు. హైదరాబాద్‌లో పెరిగిన ఆ మనిషి నాయకత్వాన్ని ఆ తర్వాత అంచనా వేసినవారు, తప్పిన జవాబు పక్కనే ఆ లేఖనూ పెట్టి చూశారు.

తిరిగి చీరాలకు

ఇన్ని ఉదాహరణలు కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. గుర్తుండిపోయిన ప్రసంగాలన్నీ వినేవాడి చేతికి ఏదో ఒకటి అప్పగించాయి: ఛాతీ మీద ఒక బ్యాడ్జీ, ఒక ఓటు, నోట నిలిచే ఒక పద్యం, తలపై మోసుకెళ్లాల్సిన మూట. అబ్దుల్ కలాం పిల్లల సభల్లో ప్రతిజ్ఞ వాక్యాలు తాను చెబుతూ వాళ్లచేత పలికించేవారు. వేలమంది గొంతుల్లో ఆ మాట ఆయనది కాకుండా వాళ్లదయ్యేది. చప్పట్లతోనే పని ముగిసిపోయిన ప్రసంగం ఎంత అందంగా ఉన్నా వినోదం కిందే లెక్క.

ఆ అప్పగింతకూ హద్దుంది. రామనగర్ నిలవలేదు. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు, డబ్బు అయిపోయింది, జనం తిరిగి ఇళ్లకు చేరారు. మాట ఊరిని లేపగలిగింది కానీ పదకొండు నెలల తిండికి, నీడకు నిధులు కావాలి, నిర్వాహకులు కావాలి, మైకు పట్టినవాడు లేనప్పుడు నడిపించే రెండో వరుస కావాలి. ప్రసంగాన్ని నాయకత్వమనుకునే శిక్షణలన్నీ దాటవేస్తున్నది ఈ భాగాన్నే.

ఈ విద్యకు పునాది బడిలోనే పడాలి. మన బడుల్లో శనివారం సాయంత్రం బాలసభ అని ఒకటి ఉండేది. బల్ల మీద నిలబడి ఒకడు పద్యం చెబితే, ఒకతె కథ చెబితే, ఇంకొకడు మధ్యలో మరిచిపోయి ఏడుపు మొహం పెడితే, మాస్టారు వెనక నుంచి మాట అందించేవారు. చాలా చోట్ల పరీక్షల ఒత్తిడి దాన్ని మింగేసింది. ప్రతి పిల్లకూ పిల్లాడికీ నెలకోసారి మూడు నిమిషాలు, సొంత యాసలో, స్లైడు లేకుండా మాట్లాడే అవకాశం ఇవ్వడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, ప్రొజెక్టరూ అక్కర్లేదు. ఉపాధ్యాయులు ఈ శనివారం నుంచే మొదలుపెట్టవచ్చు.